బాలకిష్టయ్య తొక్కుడు చెక్కలు

గద్వాల బాలకిష్టయ్యకు ఒక్కటే తిక్క. మనిషి కాళ్లు ఖాళీగా కనబడ్డాయంటే ఆయన ఊరుకోలేడు. పెళ్లిపీటల మీద కూర్చున్న పెళ్లికొడుకును పట్టుకుని, "చేతులు తలంబ్రాలు పోస్తున్నయ్, బాగనే ఉన్నది. మరి కాళ్లేం జేస్తున్నయ్?" అని అడిగిన ఘనుడు. పండ్ల డాక్టరు నోట్లో పట్టకారు పెడితే, తెరిచిన నోరు మూయకుండానే వేలితో డాక్టరు కాళ్ల వైపు చూపించాడట! ఈ తిక్క రెండేళ్ల కిందటే పట్టుకుందనీ, అంతకుముందు బంగారంలాంటి మనిషేననీ ఆయన భార్య యాదమ్మ కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుని తల పట్టుకుంటుంది.

బాలకిష్టయ్యవి ముప్పై ఐదేళ్లు గుంట మగ్గం మీద చీరలు నేసిన చేతులు. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, కింద చెక్కలు తొక్కుతూ పైన నూలు కండె మోసే నాడె ఆడించడమే ఆయనకు తెలిసిన విద్య. అలాంటి మనిషి కంప్యూటర్ ఆటలకు జట్టు పెట్టాడంటే ఎవరు నమ్ముతారు? సుమన్ కూడా నమ్మలేదు.

సుమన్‌ది పాన్‌గల్. అయిదుగురు ఒక జట్టై ఎదుటి అయిదుగురిని తుపాకులతో కాల్చిపడేసే ఆటలో చెయ్యి తిరిగినవాడు. "ఒక్క ఏడాది ఆగు నాయనా. జీతమిచ్చే లీగుల ఆడకుంటే నీతోని పుణెకు కూలిపనికొస్త" అని తండ్రికి మాటిచ్చి గద్వాల బస్సెక్కాడు. 'బాలకిష్టయ్య ఈ-స్పోర్ట్స్' అన్న బోర్డు చూసి లోపల అడుగుపెట్టాడో లేదో, గతుక్కుమన్నాడు. ముగ్గురు కుర్రాళ్లు, ఒక అమ్మాయి నడుముదాకా నేలలో కూరుకుపోయి కంప్యూటర్ల మీద ఆడుతున్నారు. అది పాత మగ్గాల షెడ్డు, మగ్గాలు తీసేసినా గుంటలు అలాగే ఉన్నాయి మరి!

"గిదేంది తాతా?"

"గుంట. దిగు."

"కుర్చీ లేదా?"

"కుర్చీ సంగతి తర్వాత. ఆటల మనిషి నడుస్తడా, లేదా?"

"నడుస్తడు."

"ఏంటితోని నడిపిస్తవ్?"

"ఎడమచేతి వేళ్లతోని. నాలుగు మీటలుంటయ్."

బాలకిష్టయ్య గుండెమీద చెయ్యేసుకున్నాడు. "వేళ్లతోని నడుస్తవా! మీ అమ్మ నీకు నడక గట్లనే నేర్పిందారా?"

గుంటలో నాలుగు తొక్కుడు చెక్కలున్నాయి. వాటి కింద వడ్రంగి తిరుపతి చేత స్విచ్చులు పెట్టించాడు పెద్దాయన. ముందుకొకటి, వెనక్కొకటి, పక్కలకు రెండు. కుడిచేత్తో గురి, కాళ్లతో నడక. ఎడమచేతికి పనిలేదు కాబట్టి అది జేబులో ఉండాలి. దానికోసం జట్టు చొక్కాలన్నిటికీ ఎడమవైపు సంచంత జేబు కుట్టించాడు. ఎవడైనా ఆ చెయ్యి బయటికి తీశాడా, నాడెతో నెత్తిమీద టక్కుమని ఒక్కటి పడేది. "పనిలేని చెయ్యి బజార్ల తిరగొద్దు. లోపలెట్టు!"

మొదటివారం ఆటలో సుమన్‌ను చంపడానికి శత్రువులు అక్కర్లేకపోయింది. తనే గోడకు గుద్దుకునేవాడు, తనే మేడమీంచి పడేవాడు. పక్కగుంటలో ధరూర్ పిల్ల ఎస్తేరు మాత్రం చెక్కల మీద చేపలాగా ఈదేది. "గా పిల్ల కాళ్లు చూసి నేర్చుకో" అని పెద్దాయన పొద్దుకు పదిసార్లు అనేవాడు. ఊళ్లో ఈ జట్టును చూసి నవ్వనివాడు పాపాత్ముడు. సుమన్ సిగ్గుతో చచ్చేవాడు. అయినా నెలలు గడిచేకొద్దీ కాళ్లు దారికొచ్చాయి. ఒక్కో ఆటా గెలుచుకుంటూ నాగర్‌కర్నూల్ ఫైనలుకు వచ్చిపడ్డారు. గెలిస్తే లీగు, జీతం. ఓడితే సుమన్‌కు పుణె.

చెక్కలన్నీ ఆటోకెక్కించి నాగర్‌కర్నూల్ ఫంక్షన్ హాల్లో దించేసరికి, రెఫరీ శ్రీజ నోరెళ్లబెట్టింది.

"ఇవేంది అంకుల్? కీబోర్డు, మౌస్ తప్ప ఇంకేం పెట్టొద్దు. ఒంట్ల ఏదన్నా ఇబ్బంది ఉన్నోళ్లకే పర్మిషన్. అట్ల ఎవరన్నా ఉన్నరా?"

బతికించావురా దేవుడా అనుకున్నాడు సుమన్. వేళ్లతో ఆడొచ్చు! ఇంతలో బాలకిష్టయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఉన్నరు."

"ఎవరు?"

"నేనే."

"మీకేమైంది?"

"తిక్క."

హాలంతా గొల్లుమంది.

"నవ్వుతరేంది? ముదిరిన తిక్క. కాయితం మీద రాసుకో బిడ్డా, సంతకం పెడ్త."

"ఆడేది మీరు కాదు కద అంకుల్!"

"వీళ్లకు గూడ అంటుకున్నది."

సుమన్‌కు తల కొట్టేసినట్టయింది. పెద్దాయన్ను పక్కకు లాక్కుపోయాడు. "తాతా, నీ కాళ్లు మొక్కుత. గీ ఒక్కపారి వేళ్లతోని ఆడుతం. మా నాయనకు మాటిచ్చిన!"

"ఆటే వద్దు. చెక్కలు సర్దుర్రి, ఇంటికి పోదాం."

ఏడాది కష్టం! ఈయనకు నిజంగానే మతి పోయిందా అనుకున్నాడు సుమన్.

అప్పుడు ఎస్తేరు లేచింది. రెఫరీ బల్ల దగ్గరికి నడిచి, జేబులోంచి ఎడమచెయ్యి తీసి బల్లమీద పెట్టింది. ఆ చేతికి బొటనవేలు ఒక్కటే ఉంది.

"పల్లికాయ మిషన్ల పడ్డది మేడమ్. ఇబ్బంది నాకున్నది."

సుమన్ ఏడాదిపాటు ఆమెకు మూరెడు దూరంలో కూర్చున్నాడు. ఒకే కేటిల్ చాయ్ తాగారు. అందరి చేతులూ జేబుల్లోనే ఉంటే ఏ చెయ్యి ఎందుకుందో ఎవడు చూడొచ్చాడు? తన గుడ్డితనానికి తనమీద తనకే అసహ్యం వేసింది.

"ఎందుకు తీసినవ్ బిడ్డా?" బాలకిష్టయ్య గబగబా బల్ల దగ్గరికి వచ్చాడు.

"నువ్వు తిక్కోనివని రాయించుకుంటుంటే చూసుకుంట కూసోమంటవా తాతా?"

పెద్దాయన సుమన్ వైపు తిరిగి మెల్లగా చెప్పాడు. "పాత టీమోళ్లు ఈమె చేతికి ఏడుపు పాట పెట్టి వీడియో ఇడిసిన్రు. ధరూరంత పాపం, పాపమన్నది. గా మాట పడలేక ఆట బందువెట్టి పత్తి ఏరవోయింది. నేనే వోయి తోలుకొచ్చిన. గీమె గురి చూసి భయపడాలె గని పాపమంటరారా? ఒక్కదానికే చెక్కలు పెడితే మళ్ల పాపమంటరు. అయిదుగురికీ పెడితే నాకు తిక్కంటరు. అననీ."

"మరి పెండ్లికొడుకును అడిగినవు గద?"

"నమ్మాలె గదరా! ఒక్క షెడ్డులనే తిక్కుంటే జనాలకు అనుమానమొస్తది."

"పండ్ల డాక్టరు?"

"వాని కాళ్లు నిజంగనే ఖాళీగ ఉండె."

శ్రీజ కాగితం రాసేసింది. ఎస్తేరుకు చెక్కలు, మిగతా నలుగురికీ కీబోర్డే. తీరా చూస్తే ఆ నలుగురి ఎడమచేతులకూ ఏడాదిగా సెలవు! ముందుకు నొక్కితే వెనక్కి పోయారు. వెనక్కి నొక్కితే గంతులేశారు. వరసగా నాలుగు రౌండ్లు ఓడారు. ఎదుటి జట్టు పొట్ట పట్టుకుని నవ్వింది.

"నడక రానోడు నిలబడాలె!" అని అరిచాడు సుమన్. "మనం మూలకొకడు నిలబడదం. కుడిచేతులన్న మంచిగనే ఉన్నయ్ గద. ఎస్తేరూ, నువ్వు తిరిగి వాళ్లను మా మీదికి తోలు!"

తోలింది. పశువుల్ని దొడ్లోకి తోలినట్టు తోలింది. గెలుస్తూ, ఓడుతూ పోయి పోయి స్కోరు సమానమైంది. ఆఖరి రౌండులో నలుగురూ కూలిపోయారు. ఎస్తేరు ఒక్కతి, అవతల ముగ్గురు. ఢాం. ఢాం. కాసేపు ఏమీ లేదు. ఢాం! బాలకిష్టయ్య ఎగిరి పక్కనున్న తెలియని మనిషి ఒళ్లో పడ్డాడు.

సుమన్ తండ్రికి ఫోన్ చేశాడు. "నాయనా, పుణె మేస్త్రీకి ఒక మనిషి తక్కువని చెప్పు" అనేసరికి అవతల తండ్రి నమ్మలేక మూడుసార్లు చెప్పించుకున్నాడు.

ఇంతలో ఒకడు సెల్‌ఫోన్ కెమెరా ఎత్తుకుని ఎస్తేరు దగ్గరికి వచ్చాడు. "అక్కా, చేతికి ఏమైంది? జర బాధగా చెప్పుర్రి." బాలకిష్టయ్య అతని మీదికి లేవబోయాడు. ఎస్తేరే ఆపింది.

"ముగ్గురిని ఎట్ల కొట్టిన్నో అడుగు. సంతోషంగ చెప్త."

వాడు ఫోన్ దించుకుని పక్కకు జరిగాడు. సుమన్ కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"వాడడగకుంటే నేనడుగుత. ఎట్ల కొట్టినవ్?"

ఎస్తేరు మొదలుపెట్టింది. గోడ ఇక్కడ, వాడు అక్కడ, తను వెనకనుంచి అంటూ, రెండు చేతులూ ఊపుకుంటూ అరగంట చెప్పింది.