ఇద్దరు ప్రతాపరుద్రులు, మా మనుమని తొట్టెల

పండూ, ఓ నా పండూ, నువ్వు పక్కన లేకుండ బస్సెక్కి హన్మకొండ పోయొచ్చిన కొడుకా. చదివేటోళ్లకు ముందుగాల జర చెప్పాలె. పండు నా కొడుకు. ఇంట్ల పండు, బడిల ప్రతాపరుద్ర. వాళ్ల నాయిన ఓరుగల్లు రాజు పేరని ఇష్టపడి పెట్టుకున్నడు. పోయినేడు వానకాలంల పండుకు జ్వరమొచ్చి, ఇరవై రెండేండ్లకే పోయిండు. మేము పరకాలల ఉంటం, జంపఖానలు నేసేటోళ్లం. నేను నాలుగో తరగతి దాకనే చదివిన. ఇది రాసింది నేనే, మా బిడ్డ శిరీష తప్పులు దిద్ది నెట్ల పెట్టింది. ఓరుగల్లు చూడబోయేటోళ్లకు అక్కరకొస్తదని దారి, ఖర్చు కూడ రాస్తున్న.

నేను పోయింది ఊరు చూడటానికి కాదు. శిరీషకు కొడుకు పుట్టిండు. పురుడు మా ఇంట్ల పోయాల్సింది, నా పానం బాగలేక హన్మకొండల వాళ్ల అత్తనే పోసింది. ఆదివారం తొట్టెల, అంటే పిల్లగాన్ని తొట్టెల ఏసి పేరు పెట్టే దినం. "అమ్మా, తమ్ముని పేరు పెట్టుకుంటం. నువ్వు సరే అంటేనే పెడుతం. వద్దంటే వద్దు" అని శిరీష ఫోన్ల అడిగింది. శనివారం రాత్రికి చెప్తనన్న. మా తట్టు పోయినోళ్ల పేరు పిల్లలకు పెట్టుకునుడు ఉన్నదే. కాని పెట్టినంక ఆ పిల్లగాన్ని తిట్టరు, చెయ్యెత్తరు. తిడితే పోయినోళ్లకు తాకుతదంటరు. మా ఆయనకు వాళ్ల తాత పేరు పెట్టిండ్రు. మా అత్తమ్మ బతికినన్నాళ్లు కన్నకొడుకును పేరు పెట్టి పిల్వలె. "అయ్యా, దా. అయ్యా, తిను" అనేది. కుండ పలగ్గొట్టినా అయ్యనే. ఆ తాతంటే నిండు ముసలోడై పోయిండు, సరే. నా కొడుకు ఇరవై రెండేండ్లోడు. తిట్లు తినకుండ ఏ పిల్లగాడన్న పెరుగుతడా? ఆ తిట్లన్ని పోయి నా కొడుకు మీద పడాల్నా? పడొద్దంటే ఆ పసిగుడ్డును దండేసిన ఫోటో లెక్క పెంచాల్నా? ఈ సంగతి తేల్చుకోలేక, శనివారం పొద్దున బయలెల్లిన. ఆ రాత్రికి ఏదో ఒక మాట చెప్పాలె.

పరకాల నుంచి హన్మకొండకు పొద్దున బస్సులు మస్తు ఉంటయి. ఆడోళ్లకు టికెట్ పైసలు లేవు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. గంట పైన పట్టింది. బస్టాండుల మా వియ్యపురాలు సత్తెమ్మ నిలబడి ఉన్నది. ఆమె నన్ను వదినె అంటది, నేను ఆమెను వదినె అంట. నేను ఇంటి దిక్కు తిరిగితే చెయ్యి పట్టి గుంజింది.

"ఇప్పుడు ఇంటికి పోతే పిల్లగాన్ని ఎత్తుకొని ఏడుస్తవు. పాలు తాగే పోరనికి నీ ఏడుపెందుకు? ముందు గుడికి దా."

"వదినె, నేను సంబురానికి రాలె."

"నేను మాత్రం సంబురానికొచ్చిన్నా? నీ బిడ్డకు పత్యం వండి వండి నా నడుం పడిపోయింది. నాకు ఇయ్యాల సెలవు. తోడు రా."

షేరింగ్ ఆటోల మనిషికి ఇరవై ఇచ్చి వెయ్యి స్తంభాల గుడి కాడ దిగినం. లోపలికి పోవుటానికి పైసలేం లేవు. తొమ్మిదిలోపు పోతే రాయి చల్లగ ఉంటది, ఉత్త కాళ్లతోని తిరగొచ్చు. స్తంభాలు అద్దం లెక్క మెరుస్తయి. రాతిల చెక్కిన సొమ్ములకు ఎంత సన్నటి బొక్కలంటే మా నేత దారం దూరుతది. నేను ఒక స్తంభానికి ఒరిగి కూసున్న. పండును చిన్నప్పుడు తీసుకొచ్చినప్పుడు ఈడనే వాళ్ల నాయిన కథ చెప్పిండు, ప్రతాపరుద్రుడు గుడి కట్టిండని, తర్వాత ఢిల్లోళ్లు ఆయనను బందీగ పట్టుకపోతుంటే దారిల్నే పానం పోయిందని. అది యాదికొచ్చి నాకు దుఃఖమాగలె. "ఇంత గుడి కట్టినోన్ని గట్ల పట్టుకపోయిండ్రు గద వదినె. ఇల్లు దూరం, ఊరు దూరం. నా కొడుకు పేరు మంచిది కాదు. ఆ రాజుకూ అచ్చి రాలె" అన్న.

పక్కన బడి పిల్లల్ని వరుసగ కూసోబెట్టిన ఒక టీచరమ్మ ఇటు తిరిగింది. "అమ్మా, పట్టుకపోయింది ఈయనను కాదు" అన్నది.

"మరి ప్రతాపరుద్రున్నే గద?"

"ఆ పేరుతోని ఇద్దరున్నరు. ఈ గుడి కట్టించినాయన రుద్రదేవుడు. ఈయననే మొదటి ప్రతాపరుద్రుడంటరు. బందీగ పోయినాయన ఆఖరి రాజు, ఈయన పోయి నూరేండ్లు దాటినంక. నడుమ రుద్రమదేవి ఏలింది, ఆమెదీ ఆ రుద్ర పేరే. ఆఖరి ప్రతాపరుద్రుడు ఆమెకు మనుమడు. కొడుకు కొడుకు కాదు, బిడ్డ కొడుకు."

"బిడ్డ కొడుకంట!" అని సత్తెమ్మ వదినె నా డొక్కల పొడిచింది.

నాకు తెల్వనే తెల్వదు. మా వాడకట్టుల ఎవర్ని అడిగినా ఒక్కడే రాజంటరు. కట్టింది ఆయనే, ఓడింది ఆయనే. ఇన్నేండ్లు ఈ గుడిని చూసినప్పుడల్ల ఉత్తగనే ఆయన చేతులకు సంకెళ్లు ఏసిన. ఆయన మంచిగ కట్టుకున్నడు, ఏలుకున్నడు, పోయిండు. ఇంకొకాయన కష్టం ఈయన గుడికి అంటలె. పెద్దరాజు పేరు, నడుమ అమ్మమ్మ పేరు, చిన్నరాజు పేరు, అంత ఒక్కటే. ఎవరి బతుకు వాళ్లదే. ఈ మాట బుర్రకెక్కింది గాని, తిట్టు తాకుతదన్న బుగులు మాత్రం గుండెల్నే ఉన్నది.

ఆన్నుంచి ఖిల్లా వరంగల్ దూరమే, ఆటోల అరగంట. డ్రైవర్ మూడొందలన్నడు. "బిడ్డా, మేము ఖిల్లా కొనబోతలేము, చూడబోతున్నం" అన్నది సత్తెమ్మ వదినె. ఆ పిల్లగాడు నవ్వి, "అమ్మా, కొనేటోళ్లయితే ఐదొందలడుగుదును. రెండొందల యాభై ఇయ్యుండ్రి, ఎక్కుండ్రి" అన్నడు. స్టేషన్ దాటి, కోట దర్వాజల నుంచి తిరిగి తిరిగి పోతది దారి. లోపల ఇండ్లున్నయి, కూరగాయల మడులున్నయి, జనం మామూలుగ బతుకుతాండ్రు. తోరణాల కాడ చిన్న టికెట్ ఉంటది. చెట్టు కింద కూసొని వదినె తెచ్చిన సర్వపిండి తిన్నం. నేను సగమే తిన్న. "మిగిలింది రుద్రమదేవికి ఉంచినవా?" అని, ఆ సగం కూడ నా నోట్లె పెట్టింది.

నాలుగు దిక్కుల నాలుగు రాతి తోరణాలు నిలబడ్డయి. నడుమ గుడి లేదు. కూలిన రాళ్లను, ఏనుగు బొమ్మలను, హంసలను వరుసగ పేర్చి పెట్టిండ్రు. ఆఖరి ప్రతాపరుద్రుడు ఏలిన జాగ ఇది. ఆయనకు దండం పెట్టి, "నీ దుఃఖం నీదే నాయినా, నాకిప్పుడు తెలిసింది" అనుకున్న. అప్పుడే వెనుకనుంచి ఒక కేక.

"ప్రతాప్! దిగుతవా, వీపు చీరాల్నా?"

గిర్రున తిరిగి చూసిన. ఒక పిల్లగాడు, ఆరేండ్లుంటయేమో, రాతి ఏనుగు మీదెక్కి కూసున్నడు. వాళ్లమ్మ కింద నిలబడి తిడుతాంది. నేను ఉరికినట్టే పోయిన.

"చెల్లె, ఆ పేరు పెట్టి అట్ల తిట్టకు."

"ఎందుకక్కా?" అన్నది ఆమె, బిత్తరపోయి.

"మా ఇంట్ల ఆ పేరోడు పోయిండు" అన్న.

ఆమె నా మొకం చూసి, నా చెయ్యి పట్టుకున్నది. "మాది కూడ పోయినోళ్ల పేరే అక్కా. మా మామ పేరు వీనికి పెట్టినం. తిడితే మామకు తాకుతదని మొదట్ల మా అత్తమ్మ నా నోరు కట్టేసింది. వీడు నడకలు నేర్చినంక ఆమెనే నాకన్న ఎక్కువ తిడుతాంది. 'మీ మామ బతికున్నన్నాళ్లు నన్ను నోరెత్తనియ్యలె, ఇప్పుడు తీర్చుకుంటాన' అంటది."

సత్తెమ్మ వదినె కొంగు నోట్లె కుక్కుకొని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, పండు పోయినంక మొదటిసారి. ఆ పిల్లగాడు ఏనుగు మీదనుంచి జారి, తల్లి దిక్కన్న చూడకుండ ఇంకో రాయి దిక్కు ఉరికిండు.

"చూసినవా వదినె," అన్నది సత్తెమ్మ, "వాళ్ల తాత దాక ఎందుకు, ఆ తిట్టు వానికే తాకలె."

చీకటి పడకముందే ఇల్లు చేరినం. శిరీష పిల్లగాన్ని నా ఒళ్లె పెట్టింది. ఎర్రటి మొకం, పిడికిళ్లు గట్టిగ బిగపట్టుకున్నడు. చూస్తుండంగనే నా చీర తడిపిండు. నోటికి వచ్చేసింది. "ప్రతాప్‌గా! కొత్త చీర కట్టుకొని వస్తే గిదా నువ్వు అమ్మమ్మకు చేసే మర్యాద? కోతిగా!"

శిరీష తలుపు కాడ్నే నిలబడిపోయింది. "అమ్మా, ఏమన్నవు?"

"తిట్టిన. రేపు ఈ పేరే పెట్టుండ్రి. నువ్వు తిట్టు, మీ అత్త తిట్టాలె, బడికి పోతే పంతులు తిట్టాలె. అయ్యా బాబూ అని వీన్ని నెత్తిన పెట్టుకుంటే మాత్రం ఊరుకోను."

శిరీష వచ్చి నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. సత్తెమ్మ వదినె ఈసారి మమ్ముల ఆపలె.

ఆదివారం తొట్టెల అయింది. పిల్లగాని చెవుల ముందుగాల నేనే ఆ పేరు చెప్పిన. అంటే నా దుఃఖం పోయిందని కాదు. ఇయ్యాల పొద్దున కూడ నూలు కండెలు చుట్టుకుంట ఏడ్చిన. కాని ఆ పేరు ఇంట్ల వినపడ్డప్పుడు ఇప్పుడు రెండు మొకాలు కనపడుతున్నయి, ఒకటి నిద్రపోతున్నది, ఒకటి పాలకు ఏడుస్తున్నది. నిద్రపోయేటోన్ని ఎవ్వరు లేపలేరు, ఏడ్చేటోన్ని మాత్రం ఊరుకోబెట్టాలె. ఆ పని చేతికి దొరికింది. మీ ఇంట్ల కూడ ఎవరన్న పోయి, పేరు దగ్గర మనసు ఆగిపోతే, ఒక్క దినం ఓరుగల్లు పోయి రాండ్రి. పొద్దున గుడి చూడుండ్రి, తర్వాత ఖిల్లా చూడుండ్రి, ఆ రాజులు పుట్టిన వరుస గూడ అదే. ఖిల్లా కాడ మంచిగ కూసొని తినే జాగలు తక్కువ, ఎండ ఎక్కువ, అందుకని సద్ది కట్టుకొనే పొండ్రి. సద్ది ఉన్నది గద అని పొద్దున ఉత్త కడుపుతోని బయలెల్లకుండ్రి. కడుపు నిండ తినుండ్రి.