నాకు నప్పుతుందంటావా, అల్లుడూ?

మా మామగారికి నచ్చనిదంటూ ఈ లోకంలో లేదు. అన్నీ నచ్చుతాయి. నచ్చినవాటిలో ఒక్కటి కూడా ఆయనకు నప్పదు. ఆయనతో వచ్చిన చిక్కల్లా ఇదొక్కటే. ఈ చిక్కుని ఆయన తన ఇంట్లో, తన అద్దం ముందు, తన చొక్కాల బీరువా దగ్గర పెట్టుకుని ఉంటే నాకేమీ అభ్యంతరం ఉండేది కాదు. తెచ్చి నా కొట్లో పెట్టారు. నాది పచ్చబొట్ల కొట్టు.

జనం టాటూ అంటున్నారు కాబట్టి బోర్డు మీద నేనూ అలాగే రాయించాను. మా మామగారు మాత్రం పచ్చబొట్టనే అంటారు. "టాటూ అంటే ఎవరో ఊరెళ్తూ చెయ్యి ఊపినట్టుంటుందయ్యా" అంటారు.

ఆయన ఓ పెద్ద బట్టల కొట్లో చేరి, అక్కడే నెరిసి, అక్కడే రిటైరయ్యారు. ఉన్నన్నాళ్ళూ నిలబడే ఉద్యోగం. గుడ్డ తాను విప్పడం, బల్ల మీద పరచడం, మళ్ళీ చుట్టి అరలో పెట్టడం. "ఇదే దానిలో ఇంకో రంగుందా?" అని అడిగేవాళ్ళ కోసం గోడ గోడంతా కిందికి దింపడం. అంతా చూశాక వాళ్ళు "మళ్ళీ వస్తాం" అని వెళ్ళిపోతే చిరునవ్వు నవ్వడం. ఇన్నేళ్ళలో ఆయన ఒక్కరి మీదైనా విసుక్కున్నట్టు ఎవరూ చెప్పరు. ఆ విసుగంతా దాచిపెట్టి, రిటైరయ్యాక వడ్డీతో సహా నా మీద తీర్చుకోవడానికి వచ్చారని నేను చాలాకాలం గట్టిగా నమ్మాను.

మా పెళ్ళి ఆయనకు ఇష్టం లేదు. "పిల్లని సూదులవాడి చేతిలో పెట్టాను" అని బంధువుల దగ్గర వాపోయేవారట. నాతో మాట్లాడాల్సి వస్తే గోడతోనో, మా అత్తగారితోనో మాట్లాడేవారు. అలాంటి మనిషి ఒకరోజు పొద్దున్నే, నేను కొట్టు తలుపు తీసి నేల తుడుస్తుండగా, ఇస్త్రీ చొక్కాతో లోపలికి వచ్చి, వీధి వైపు అద్దాల పక్కనున్న కుర్చీలో కూర్చుని, చెయ్యి చాపారు.

"అల్లుడూ, నాకొకటి వెయ్యి."

నా గుండె కరిగిపోయింది. కొట్టు పెట్టి కొన్ని నెలలైంది. వచ్చేవాళ్ళే లేరు. అద్దాలు తుడవడం, తుడిచిన అద్దాల్లోంచి వీధిని చూడడం, ఇదే నా వ్యాపారం. అప్పటిదాకా నోరు తెరిచి నన్ను అల్లుడని పిలవని మామగారు వచ్చి చెయ్యి చాపితే ఎలా ఉంటుంది? ఉన్న బొమ్మలన్నీ తెచ్చి ఆయన ముందు పరిచాను.

"ఈ సింహం బాగుంది" అన్నారు.

"చాలా మంచి ఎంపిక మామయ్యా."

"గీత నీట్‌గా ఉంది. జూలు కూడా దువ్వినట్టుంది. కానీ, నాకు నప్పుతుందంటావా, అల్లుడూ?"

ఈ ప్రశ్న వినడం అదే మొదటిసారి కాబట్టి ఉత్సాహంగా జవాబు చెప్పాను. సూది పెట్టేముందు చేసే పద్ధతి ఒకటుంది. బొమ్మని పల్చటి కాగితం మీదికి ఎత్తి, ఆ కాగితాన్ని చేతికి అద్దితే ఊదారంగు గీతలు పడతాయి. సబ్బుతో రుద్దితే పోతాయి. "ముందు అచ్చు అద్దుతాను, చూసుకోండి" అన్నాను. అద్దాను. ఆయన సింహాన్ని అటు తిప్పి చూశారు, ఇటు తిప్పి చూశారు, అద్దంలో దూరం నుంచి చూశారు. చివరికి, "ఇంటికెళ్ళి ఆలోచించుకుని రేపు చెప్తాను" అని, చొక్కా చెయ్యి పైకి మడిచి, సింహంతో సహా వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున మళ్ళీ వచ్చారు. సింహం లేదు.

"ఏమైంది మామయ్యా?"

"నాకు నప్పలేదయ్యా. రాత్రి భోజనం దగ్గర నా వంకే చూస్తూ కూర్చుంది."

గద్ద వేశాను. గద్ద బాగుందన్నారు. మర్నాడు, "ముక్కు నాదానికంటే తీరుగా ఉంది, పోలిక వస్తుంది" అన్నారు. లంగరు వేశాను. లంగరు చాలా బాగుందన్నారు. మర్నాడు, "ఇది వేసుకుంటే ఉన్నచోటి నుంచి కదలని మనిషి అనుకుంటారేమో" అన్నారు. ఆ కుర్చీలోనే కూర్చుని అన్నారు.

తాబేలు, గులాబీ, దిక్సూచి, నెమలి ఈక, ఎగిరే గుర్రం. ఏదీ బాగాలేదని అనలేదు మహానుభావుడు. అంటే కనీసం వాదించుకునేవాణ్ణి. ప్రతిదాన్నీ మెచ్చుకుంటారు, ప్రతిదానికీ నేను పొంగిపోతాను, ఆ తర్వాత "కానీ" వస్తుంది. కొన్నాళ్ళకి ఆయన 'బా' అనగానే నాకు 'కానీ' వినిపించడం మొదలైంది.

ఆయన బేరమంతా బట్టల కొట్టు బేరమే. బొమ్మ కాగితాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూసేవారు.

"ఇదే దానిలో కొంచెం లేతది ఉందా?"

"అది నలుపు మామయ్యా."

"నలుపులోనే లేతది."

"లేదు."

"పోనీ. ఉతికితే పోతుందా?"

"పోదు."

"ఎండకి వెలుస్తుందా?"

"కొంచెం."

"ఎన్నాళ్ళు గ్యారంటీ?"

"జీవితాంతం."

"ఎవరి జీవితాంతం? నాదా, దానిదా?"

నేను ఇంకో బొమ్మ కాగితం తీశాను.

అటు ఇంట్లో మా అత్తగారి బాధ వేరు. ఓ ఆదివారం కనిపించి గోడు వెళ్ళబోసుకున్నారు. "బాబూ, మీరు రోజుకో జంతువుని పంపిస్తారు. నేను పీచు పెట్టి రుద్దలేక చస్తున్నాను. నిన్నటి ఏనుగు తొండం ఇంకా వదల్లేదు. చిన్నవేవైనా అద్ది పంపండి. చీమో, దోమో."

రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడతో మొరపెట్టుకునేవాణ్ణి. ఆమె అదే వీధిలో మందుల షాపులో పనిచేస్తుంది. పొద్దంతా జనం దగ్గులు విని వచ్చిన మనిషికి నా దగ్గొకటి లెక్కా?

"మీ నాన్నకి కాస్త చెప్పకూడదూ?"

"ఏమని?"

"ఏదో ఒకటి ఎంచుకోమని. నా వల్ల కావట్లేదు. చేతులు పడిపోతున్నాయి."

"పెద్దాయన. ఒంటి మీద జీవితాంతం ఉండేది కదా, చూసుకోనీ" అనేది. అని, పళ్ళెంలోకి చూసి నవ్వుకునేది. కూతురు కదా, తండ్రి చాదస్తం ముద్దుగా ఉంటుందిలే అనుకుని నిట్టూర్చేవాణ్ణి.

ఇలా ఉండగా మెల్లగా కొట్టుకు జనం రావడం మొదలుపెట్టారు. నా పనితనం నలుగురికీ తెలుస్తోందని సంతోషించాను. కొత్తగా దీపం పెట్టించిన బోర్డు వల్ల కూడా అయ్యుండొచ్చనుకున్నాను. వచ్చినవాళ్ళని నాకంటే ముందు మామగారే పలకరించేవారు. నేను సూది అందుకోగానే మాత్రం వీధి వైపు తిరిగి కూర్చునేవారు.

ఓ లారీ డ్రైవర్ వచ్చి గుమ్మంలోనే నిలబడి, "పెద్దాయనా, బాగా నొప్పా?" అని అడిగాడు.

"నాకేం తెలుసు నాయనా? నాది ఇంకా ఎంచుకోవడం దగ్గరే ఉంది. నువ్వు కూర్చో. మా అల్లుడు తొందరపెట్టే మనిషి కాదు. నన్ను చూడు."

బక్కపల్చటి కుర్రాడొకడు భుజం నుంచి మణికట్టు దాకా నోరు తెరిచిన పెద్ద పాము కావాలన్నాడు. మామగారు వాడి చెయ్యి పట్టుకుని, గుడ్డ కొలిచినట్టు జానతో కొలిచి, "బాబూ, నీ చెయ్యి కురచ, పాము పొడుగు. కొంత పాముని ఇంట్లో వదిలేసి రావాలి" అన్నారు. వాడు నవ్వి, మణికట్టు దగ్గర చిన్న పాముపిల్లతో సరిపెట్టుకున్నాడు. ఆ తర్వాత వాడి స్నేహితులంతా వచ్చారు.

ఇంకొకడు ఓ అమ్మాయి పేరు రాయించుకోవాలని వచ్చాడు.

"ఎన్నాళ్ళ పరిచయం?" అన్నారు మామగారు.

"పోయిన వారం నుంచండీ."

"అయితే మొదటి అక్షరం వేయించుకో. మిగతావి వీలునిబట్టి చూద్దాం."

వాడు అక్షరమే వేయించుకున్నాడు. నాకు రావలసిన పని తగ్గింది. నేను పళ్ళు కొరుక్కున్నాను.

చివరికి ఒకరోజు కొట్టంతా నిండిపోయింది. లారీ డ్రైవర్ తన రెండో చేతికి బొమ్మ కోసం వచ్చాడు. ఆసుపత్రిలో డ్యూటీ దిగి వచ్చిన నర్సమ్మ ఒకామె చేప కావాలని కూర్చుంది. బెంచీ మీద చోటు లేక ఇద్దరు నిలబడ్డారు. అద్దాల పక్క కుర్చీలో మా మామగారు, చెయ్యి చాపుకుని, చిన్న ఆకు బొమ్మ వంక చూస్తున్నారు.

"ఆకు బాగుంది, అల్లుడూ" అన్నారు.

నాకు ఒళ్ళంతా నీరసం వచ్చేసింది. ఇన్నాళ్ళుగా అద్దిన జంతువులన్నీ కళ్ళముందు వరసగా నడిచి వెళ్ళాయి. ఇవాళ 'కానీ' అనే మాట వినే ఓపిక నాకు లేదు. ఆయన నోరు తెరిచేలోపే అచ్చు అద్దాను, కొత్త సూది బిగించాను, మిషన్ ఆన్ చేశాను. అది తేనెటీగలా జుయ్యిమంది.

"నప్పుతుంది మామయ్యా. ఎంత నప్పుతుందో చెప్పలేను. ఒక్క చుక్క పెడితే ఇంక వెనక్కి చూడరు."

మామగారు సూది వంక చూశారు. నా వంక చూశారు. "అల్లు..." అన్నారు. మిగతా అక్షరం రాలేదు. పై అరలోంచి జారిన తానులా, ఎంతో మర్యాదగా, మెత్తగా, మడతలు మడతలుగా కుర్చీలోంచి కిందికి దిగిపోయారు.

ఆ తర్వాత నాకు ఏమీ తోచలేదు. తోచింది నర్సమ్మకే. "కాళ్ళు పైకెత్తండి!" అని అరిచింది. లారీ డ్రైవర్ రెండు కాళ్ళూ పట్టుకుని పైకెత్తాడు. మరీ ఎక్కువ ఎత్తేసరికి మామగారి నడుము కూడా లేచింది. ఎవరో వెళ్ళి మా ఆవిడని పిలుచుకొచ్చారు. ఆమె పరుగెత్తుకొచ్చి, చూసి, నా చేతిలో ఇంకా జుయ్యిమంటున్న మిషన్ వంక వేలు చూపించింది.

"సూది చూపించావా?"

"సూది లేకుండా టాటూ ఎలా వేస్తారు?"

"అసలు ఆయనకి వెయ్యమని ఎవరు చెప్పారు నీకు?"

"ఆయనే! రోజూ!"

"నాన్నకి సూదంటే పై ప్రాణాలు పైనే పోతాయి. చిన్నప్పుడు నాకు టీకా వేయించడానికి తీసుకెళ్తే, నాకు వేస్తుంటే ఆయన పడిపోయాడు. నేను ఏడుపు మానేసి ఆయన్ని లేపాల్సొచ్చింది."

"మరి ఇన్నాళ్ళూ ఆ కుర్చీలో కూర్చుని ఏం చేస్తున్నట్టు?"

మామగారు కళ్ళు తెరిచారు. నర్సమ్మ ఇచ్చిన నీళ్ళు రెండు గుక్కలు తాగి, కాళ్ళు వదలమని డ్రైవర్‌కి సైగ చేసి, కుర్చీలోకి చేరారు.

"గిరాకీ చేస్తున్నాను" అన్నారు నీరసంగా.

"గిరాకీ ఏమిటి మామయ్యా?"

"నేను కొట్లో చేరిన కొత్తల్లో జనం లేనప్పుడు మా షావుకారు నన్ను వెనక గుమ్మంలోంచి బయటికి పంపి, ముందు గుమ్మంలోంచి కొనేవాడిలా రమ్మనేవాడు. నేను కూర్చుని అదీ ఇదీ చూపించమంటుంటే, వీధిలో పోయేవాళ్ళు నన్ను చూసి లోపలికి వచ్చేవాళ్ళు. ఖాళీ కొట్టు గుమ్మం ఎక్కడానికి మనిషికి మొహమాటం." కాస్త ఊపిరి తీసుకున్నారు. "కొట్టు మూసేస్తానంటున్నావని అమ్మాయి చెప్పి ఏడ్చింది. వచ్చి అవతలి బస్‌స్టాప్‌లో నిలబడి చూశాను. ఒకరిద్దరు అద్దం దాకా వచ్చారు. లోపల నువ్వొక్కడివే. సూది పట్టుకుని, గుమ్మం వంక గుడ్లప్పగించి. ఎలా వస్తారయ్యా? నాకే కాళ్ళు వణికాయి."

బెంచీ మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు. నర్సమ్మ, "అవునండీ, నేనూ ఈయన్ని చూసే వచ్చాను. బస్సులో పైకడ్డీ పట్టుకుని నిలబడితే చేతి మీద ఏనుగు కనిపించింది. ఎక్కడ వేయించుకున్నారని అడిగితే ఈ కొట్టే చెప్పారు" అంది.

"ఖాళీ సీట్లున్నా నిలబడే వెళ్ళేవాణ్ణి" అన్నారు మామగారు. "కూర్చుంటే ఏనుగు కనబడదు."

నేను మిషన్ ఆపాను. "నాకు ముందే చెప్పొచ్చు కదా మామయ్యా? నేనూ దానికి తగ్గట్టు ఉండేవాణ్ణి" అన్నాను.

"చెబితే చెడిపోయేది. నీకు నటించడం రాదు. నువ్వు నిజంగా విసుక్కుంటేనే అందం. ఈ ముసలాడితో ఇంత విసిగిపోయి కూడా మళ్ళీ ఓపిగ్గా బొమ్మ గీస్తున్నాడంటే వీడి చేతికి మన చెయ్యి ఇవ్వొచ్చు అనుకుంటారు చూసేవాళ్ళు. ఆ మొహం వల్లే నీకు ఇంత గిరాకీ."

మా ఆవిడ వంక చూశాను. ఆమె నీళ్ళగ్లాసులోకి చూస్తూ నవ్వుకుంటోంది.

మర్నాడు మామగారు రాలేదు. అద్దాల పక్క కుర్చీలో వేరే ఎవరో కూర్చున్నారు. పని హాయిగా, వేగంగా సాగిపోయింది. సాగిపోతున్నకొద్దీ నాకు ఏమీ తోచలేదు. ఆ మర్నాడూ రాలేదు. పడిపోయినందుకు సిగ్గుపడ్డారేమోననిపించింది. భోజనం వేళ కొట్టు తలుపు దగ్గరికి వేసి, ఇంటికి వెళ్ళి చూసొద్దామని బయలుదేరాను. నాలుగు కొట్లు దాటానో లేదో ఆగిపోయాను.

అక్కడ అక్కాచెల్లెళ్ళిద్దరు కలిసి కొత్తగా క్షౌరశాల తెరిచారు. కత్తెరలు, దువ్వెనలు, తిరిగే కుర్చీలు, అన్నీ తళతళలాడుతున్నాయి గాని మనిషి పురుగు లేడు. ఒకే ఒక కుర్చీలో, మెడ చుట్టూ తెల్లగుడ్డ కట్టించుకుని, మా మామగారు. ఆయన నెత్తి మీద వెంట్రుకనేది రాలిపోయి చాలా ఏళ్ళయింది. అక్క క్రాపుల బొమ్మలున్న పుస్తకం ఎదురుగా పట్టుకుని, అలసిపోయిన మొహంతో ఒక్కో పేజీ తిప్పుతోంది. చెల్లెలు వెనక నుంచి అద్దం పట్టుకుంది. ఆయన ఆ నున్నటి తలని ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు తిప్పి, పాపిడి ఎటు తీయించుకోవాలో తేల్చుకోలేక తెగ ఆలోచిస్తున్నారు.

వీధిలో పోతున్న ఓ పెద్దమనిషి ఆ కొట్టు అద్దాల ముందు ఆగాడు. లోపలికి చూశాడు. తన తల ఒకసారి తడుముకుని, తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు.