టిఫిన్ డబ్బాలో సముద్రం

సముద్రపు ఒడ్డున గాలిలో తేమ ఎంతుందో చెప్పే సెన్సర్లు కొనడం నా ఉద్యోగం. నేను ఉండేది శామీర్‌పేటలో, ఆఫీసు మేడ్చల్‌లో. సముద్రాన్ని జన్మలో ఒక్కసారి చూశాను, అదీ పెళ్లయిన కొత్తలో, చీర తడుస్తుందని దూరం నుంచి. అయినా సముద్రం గురించి నాకు ఎవరైనా ఏమైనా చెప్పబోతే ఒప్పుకునేదాన్ని కాదు.

మా చిన్న కంపెనీ వాతావరణ కేంద్రాలు తయారు చేసి కోస్తాకు పంపుతుంది. సెన్సర్ కొనాలంటే ముందు నేను పరీక్షించి సంతకం పెట్టాలి. స్టీలు టిఫిన్ డబ్బా అడుగున తడి ఉప్పు ముద్ద పెట్టి, దానిపైన చిల్లుల పళ్లెం మీద సెన్సర్ ఉంచి, మూత బిగిస్తాను. మర్నాటికి డబ్బాలోని తేమ డెబ్బై ఐదు శాతం దగ్గర నిలబడుతుంది. సెన్సర్ కూడా అదే అంకె చూపిస్తే సరైనదన్నమాట. ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన పద్ధతే ఇది. దానికి నేను సొంత తెలివి జోడించి, సెన్సర్‌ను ఇంకో రోజు కూడా అందులోనే ఉంచేదాన్ని. రెండు రోజులు ఉప్పుతో కాపురం చేసిన సెన్సర్‌ను సముద్రం ఏం చేస్తుందని నా ధీమా.

పాత కంపెనీ సెన్సర్లకు సన్నటి వడపోత టోపీ ఉండేది, కానీ సరుకు రావడానికి నెలలు పట్టేది. కొత్త కంపెనీవాళ్లు వారంలో పంపుతామన్నారు. వాళ్లది మామూలు జాలీ టోపీ. పోయిన చలికాలం వాళ్ల సెన్సర్ ఒకటి నా డబ్బాలో నెగ్గితే, ఒక జాలరి పల్లెలోని కేంద్రానికి బిగించాం. అక్కడ చేపలు ఎండబెట్టే ఆడవాళ్ల కోసం తేమ అంకె బోర్డు మీద కనిపిస్తుంది. అంకె తగ్గితే చేపలు పరుస్తారు, పెరిగితే ఎత్తేస్తారు.

ఆ కేంద్రాన్ని చూసుకునే ఆయన రెండుసార్లు ఫోన్ చేశాడు. మిట్టమధ్యాహ్నం కూడా అంకె తొంభై ఐదు నుంచి దిగడం లేదన్నాడు. సముద్రం పక్కన గాలి తడిగా కాక పొడిగా ఉంటుందా అని నేనే ఎదురు కసిరాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు ఉండేది నా వరస. మూడోసారి ఆయన చేయలేదు. సమస్య తీరిపోయిందనుకున్నాను.

ఈ వానాకాలం ముందు అలాంటివే నలభై కొనాలన్నారు కంపెనీ నడిపే మా సార్. సాయంత్రంలోగా నా సంతకం కావాలి. నమూనాలు డబ్బాలో నెగ్గాయి. కానీ ఒకేసారి నలభైకి సంతకమంటే ముందురోజు నుంచే నాకు మనసు కుదురుగా లేదు. ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరుగుతూ కిటికీలు మూస్తున్నాను. జవహర్‌నగర్ చెత్త గుట్టల వైపు నుంచి గాలి తిరిగితే చెత్త కంపు లోపలికొస్తుంది, అందుకని అది మా ఇంట్లో రోజూ ఉండే పనే. అత్తమ్మ బియ్యం ఏరుతూ అంది:

"గాలి ఉత్తగ రాదు బిడ్డా. యాడికెల్లి వస్తె ఆడిది మోసుకొస్తది."

ఆ మాట అప్పుడు చెవికెక్కలేదు. మర్నాడు, సంతకం పెట్టాల్సిన రోజున, ఆఫీసులో కోస్తా కేంద్రం ఒకదాని నుంచి మరమ్మతుకు వచ్చిన, సెన్సర్ బిగించే పాత ఇనుప పట్టీని సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాను. చేతులు కడుక్కోకుండానే అరటిపండు ఒలిచి నోట్లో పెట్టుకుంటే ఉప్పగా తగిలింది. వేలు నాకి చూశాను. ఉప్పే. వెంటనే డబ్బా మూత తీసి, రెండు రోజులుగా ఉప్పు మీద ఉన్న సెన్సర్ టోపీకి నాలుక ఆనించాను. చప్పగా ఉంది.

అప్పుడు అర్థమైంది. నా డబ్బాలో ఉప్పు అడుగునే కూర్చుంటుంది, పైకి లేచేది తేమ ఒక్కటే. అక్కడేమో గాలి తుంపరతోపాటు ఉప్పును కూడా మోసుకొచ్చి సెన్సర్‌కు పూస్తుంది. ఆ ఉప్పు పొర తడిని పట్టుకుని వదలదు, అందుకే ఆ పల్లెలో అంకె దిగలేదు. చెత్త కంపుకు రోజూ కిటికీలు మూసే మనిషిని, గాలి మోసుకొస్తుందన్న సంగతి నాకే తట్టలేదు.

సార్ గదికి వెళ్లాను. కూర్చోమన్నా కూర్చోలేకపోయాను.

"ఆర్డర్ ఆపుండ్రి సార్. నా పరీక్షనే తప్పున్నది."

 నాలుగేళ్లుగా ఇదే డబ్బాలో పరీక్షించి పంపాం కదా, మరి వాటి సంగతేమిటని ఆయన అడిగారు. వాటిని ఆ వడపోత టోపీ కాపాడి ఉంటుందన్నాను. నా పరీక్ష ఏమీ కాపాడలేదని మాత్రం చెప్పకుండా దాటేశాను. రుజువు చూపించడానికి ఆయన మూడు రోజులు గడువిచ్చారు.

ఇస్త్రీ బట్టల మీద నీళ్లు చల్లే సీసాలో ఉప్పునీళ్లు నింపి, మేడ మీద కొత్త కంపెనీ సెన్సర్‌పై చల్లడం, ఎండబెట్టడం, మళ్లీ చల్లడం. మెట్లు ఎన్నిసార్లు ఎక్కి దిగానో. మూడో రోజు మధ్యాహ్నం, చెప్పులు లేకుండా నిలబడలేని ఎండలో, అంకె తొంభై ఐదు దగ్గర ఉంది. పక్కనే పెట్టిన పాత కంపెనీ సెన్సర్ మాత్రం, దానికీ అన్నిసార్లే చల్లినా, ముప్పై రెండు చూపిస్తోంది.

నలభై ఆగాయి. కానీ ఒకటి ఇప్పటికే అక్కడ ఉంది. అక్కడే మేడ మీద నిలబడి ఆ జాలరి పల్లె ఆయనకు ఫోన్ చేశాను. తప్పు నాదేనని, కసిరినందుకు క్షమించమని, మా దగ్గర మిగిలిన పాతరకం సెన్సర్ వారంలో పంపుతానని గబగబా చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"పంపండి మేడంగారూ, బిగిస్తాను. కాకపోతే మా ఆడోళ్లు ఆ బోర్డు చూడ్డం మానేశారండీ. మొదట్లో మీ అంకె నమ్మి, ఎండ కాస్తున్నా నాలుగు రోజులు చేపలు పరవలేదు. అన్నీ కుళ్లిపోయాయండీ."