నా ఆరోగ్యం కోరినవాళ్లు

మా అబ్బాయికి ఇరవై దాటినా బుద్ధి నాలుగేళ్ల పిల్లాడిదే. స్నానం నేనే చేయించాలి, అన్నం నేనే కలిపి పెట్టాలి. అందుకని చుట్టాల్లో నాకు పెద్ద పేరు. పెళ్లికి పోయినా, చావుకు పోయినా ఎవరో ఒకరు చేతులు జోడించి, "నీ ఓపికకు దండం తల్లీ" అంటారు. అని, వాడు తమ విస్తరి లాగకముందే కుర్చీ దూరంగా జరుపుకుంటారు.

ఈ దండాల్లో మా ఆడబిడ్డదే మొదటి స్థానం. రఘునాథపల్లి నుంచి మడికొండలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఒకటే ఆరాటం. "పానం జర మంచిగ చూసుకో. నీకేమన్నయితే పోరని గతేంది?" నేను బాగుండాలి, కానీ నా కోసం కాదు. కాపలా మనిషి మంచాన పడకూడదు, అంతే.

పోయినేడు నాకు గాల్ బ్లాడర్‌లో రాళ్లున్నాయని, ఆపరేషన్ చేసి దవాఖానలో ఉంచాలని అన్నారు. ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుందట. మా ఆయన నా దగ్గర ఉండాలి. మరి పిల్లాడి దగ్గర? దండాలు పెట్టినవాళ్లందరికీ ఒక్కసారిగా పనులు పుట్టుకొచ్చాయి. ఒకావిడకు పత్తి ఏరాలట, ఇంకొకావిడకు మోకాళ్లట. ఆడబిడ్డ ఫోన్లో, "వానికి నేనంటే అలవాటు లేదు గద" అంది. ఇన్నేళ్లలో అలవాటు చేసుకోవడానికి తీరిక దొరకలేదు పాపం!

నాకు ఒళ్లు మండింది. "సరే వదినె, ఆపరేషన్ వద్దని డాక్టరుకు చెప్త. నేను పోతే మాత్రం పోరడు నీ దగ్గర్నే ఉంటడు. మీ తమ్మునికి గూడ చెప్పిన" అన్నాను.

"అట్ల మాట్లాడకు. రేపే వస్తాన" అంది.

నిజంగానే వచ్చింది. వస్తూ వస్తూ నా పేరున కొబ్బరికాయ కూడా కొట్టి వచ్చింది. నా ఆయుష్షు కోసం అంత నిజాయితీగా మొక్కిన మనిషి లోకంలో ఇంకొకరు లేరు.

ఆపరేషన్ అయిన రాత్రి నా కొంగు ఎవరూ లాగలేదు, పక్క ఎవరూ తడపలేదు. తెల్లారి నర్సు లేపేదాకా మెలకువ రాలేదు. కొడుకు పుట్టాక అలా నిద్రపోవడం అదే మొదలు. దానికి పొట్ట కోయించుకోవాల్సి వచ్చింది.

మర్నాడు ఆడబిడ్డ ఫోన్ చేసింది. "ఎప్పుడొస్తవే? పొద్దటి సంది బువ్వ తింటలేడు, నా చెయ్యి కొరికిండు. నాతోని అయితలేదు." ఓపిక మాట ఎత్తలేదు. అంతలో డాక్టర్ వచ్చి కుట్లు చూసి, ఇక ఇంటికి పోవచ్చన్నాడు. బిడ్డ తినలేదంటే నా ప్రాణం కొట్టుకుంటూనే ఉంది. అయినా, "ఇంక నొప్పున్నది సార్, ఇయ్యాల ఒక్క రాత్రి ఉంట" అన్నాను.

నొప్పి లేదు.