మూత పెట్టిన పెన్ను

సౌదీలోని ఖఫ్జీలో మా క్యాంపు కూలీల హాజరు రాసే టైమ్ కీపర్ జగిత్యాల మనిషి. మాట్లాడుతూ పెన్నుకు మూత పెట్టాడంటే ఇక ఎవరు ఏం చెప్పినా వినేవాడు కాదు.

స్థానికులకే కొలువులివ్వాలనే నితాఖత్ చట్టం వచ్చాక స్టోర్ కీపర్, టైమ్ కీపర్ లాంటి కొలువులు సౌదీలకే అన్నారు. అక్కడ ఉండేందుకిచ్చే ఇకామా కార్డు మీద ఆ పని పేరున్నవాళ్లం ఇంటిదారి పట్టాల్సిందే. పదకొండేళ్లు స్టోరు నడిపిన నన్ను టైమ్ కీపర్ పిలిచి, కార్డు మార్చే కాగితంలో నా పని 'లేబర్' అని రాశాడు.

"గిదేందన్నా, నా ఇజ్జత్ తీస్తివి."

"ఇజ్జత్ కావాల్నా, ఇకామా కావాల్నా?" అని మూత పెట్టాడు. ఆఫీసులో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

బస్తాలు మోశాను, కానీ నా కొలువు నిలిచింది. మూడు నెలలకు అతనికే ఫైనల్ ఎగ్జిట్ పడింది, ఇక తిరిగి రాకుండా ఇంటికి పొమ్మని. పెట్టె సర్దుకుంటుంటే వెళ్లి అడిగాను.

"నీది గూడ లేబర్ అని రాసుకుంటే ఉండేటోనివి గదన్నా?"

"రాద్దామంటే చెయ్యి రాలే తమ్మీ."

"మరి నాది రాసేటప్పుడు ఎట్ల వచ్చింది?"

అతను జేబులోంచి పెన్ను తీశాడు. దానికి మూత ముందే ఉంది. మూత తీసి మళ్లీ పెట్టాడు.