చుక్క పడని ప్లేటు

ల్యాబ్‌లో ఆమెను అందరూ డిటెక్టివమ్మ అంటారు. కాఫీని కూడా వాసన చూడందే తాగదు. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళ రక్తకణాలను దాత కణాలతో కలిపి ప్లేటులో పెట్టడం ఆమె పని. అవి పోట్లాటకు దిగితే చుక్కలు పడతాయి. చుక్కలు పడ్డాయంటే కిడ్నీకి గండమే. ఆ రోజు ఒక అన్న కణాలనూ, అతనికి కిడ్నీ ఇచ్చిన తమ్ముడి కణాలనూ కలిపితే ఒక్క చుక్కా పడలేదు. "రెండు ట్యూబుల్లోనూ ఒకడి రక్తమే పోసుంటారు" అని గొణుక్కుని, ఇద్దరినీ మళ్ళీ పిలిపించి తనే రక్తం తీసింది. వాళ్ళు బెంచీకి చెరో చివర కూర్చున్నారు. "వాణ్ణి ముందు పంపించెయ్యండి. మొహం చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది" అన్నాడు అన్న. తమ్ముడు గోడవైపు తిరిగాడు. ఈసారీ ప్లేటు అద్దంలా ఉంది. రిపోర్టు కోసం వచ్చిన అన్నను ఆమె ఎగాదిగా చూసింది.

"నిజం చెప్పండి, మీ ఇద్దరికీ అసలు గొడవుందా?"