తెరవని తలుపు ముందు డోరీన్

“తప్పుకోమంటే ఎలా తప్పుకుంటాను నాయనా? నా వెనక ఇంతమంది ఉన్నారు కదా!” అంది డోరీన్ నాతో.

డోరీన్ మా పక్కింటావిడ. బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వడ్డించి రిటైరైంది. శిక్షణకు వచ్చే పై దేశాల టీచర్లకు తను పుట్టి పెరిగిన యార్క్ ఊరంతా ఉచితంగా తిప్పి చూపించడం ఆవిడ సరదా. ఆ రోజు స్పెయిన్ టీచర్లకు పెద్ద చర్చి చూపించాలి. నాలుగింటికి వాళ్ళ బస్సు. తోడుగా నన్నూ లాక్కొచ్చింది.

దారిలో బూటులో రాయి పడిందని, కోటగోడ దగ్గర ఎప్పుడూ తెరవని ఒక తలుపుకు చెయ్యి ఆనించి ఆగింది. టీచర్లు మర్యాదగా ఆవిడ వెనక ఒకరి తర్వాత ఒకరు నిలబడ్డారు. వాళ్ళ వెనక ఊరివాళ్ళు చేరారు. దేనికని ఎవరూ అడగలేదు. మా ఊళ్ళో వరస కనిపిస్తే ముందు నిలబడతారు, ఆనక ఆలోచిస్తారు. రాయి తీసేసరికి వరస వీధి మలుపు దాటింది, చినుకులూ మొదలయ్యాయి.

“ఇక్కడేమీ లేదని చెప్పేద్దాం, డోరీన్,” అన్నాను.

“పాపం, వానలో తడుస్తున్నవాళ్ళతోనా? సిగ్గుతో చచ్చిపోరూ! అయినా జన్మలో మొదటిసారి అందరికంటే ముందున్నాను. ఒకవేళ తెరిస్తేనో?”

“ఈలోగా చర్చి మూసేస్తారు. బస్సూ పోతుంది.”

ఆవిడ టీచర్ల వంక చూసింది, తలుపు వంక చూసింది.

“సరే, వీళ్ళకి చర్చి చూపించి నువ్వే బస్సెక్కించు. వచ్చేటప్పుడు నాకో టీ పట్రా. తిన్నగా నా దగ్గరికి వచ్చేయకు, నలుగురూ ఏమనుకుంటారు? వరస చివర నిలబడి రా.”